నడీన్ పేరున వచ్చిన పొట్టేలు

పైపులైను క్యాంపు, వయోమింగ్
మార్చి

ప్రియమైన నడీన్,

ఇక్కడ ఇంకా మంచే. ఒళ్ళు గడ్డకట్టింది గానీ, మనసు మాత్రం నెవాడాలో మన కొండల మీదే తిరుగుతోంది. వేట లాటరీ దరఖాస్తులు వచ్చేసుంటాయి కదా? కరెంటు బిల్లుల కింద పడేయకు, నీకు పుణ్యముంటుంది! మన కొండల్లో పెద్దకొమ్ముల పొట్టేలును వేటాడ్డానికి ఏటా ఇచ్చే అనుమతి ట్యాగులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. పెళ్ళికి ముందు నుంచీ దరఖాస్తు వేస్తున్నాను, ఒక్కసారీ తగల్లేదు. ఈసారి తగిలి తీరుతుంది, చూస్తూండు!

నా పేరు వేసి, ఎప్పట్లాగే నీ పేరూ వేసెయ్. రెండు గాలాలు వేస్తే ఒకదానికైనా చేప పడుతుంది. ఇక్కడ పెళ్ళాల పేర్లు వేయనివాడు లేడు. నా పక్క మంచం బర్ల్ అయితే అత్తగారి పేరు కూడా వేశాడు. పాపం ఆవిడకి కళ్ళే సరిగ్గా ఆనవు!

నీ
ఆర్విన్

కాలియెంటె, నెవాడా
ఏప్రిల్

ప్రియమైన మొండిఘటానికి,

పంపించాను బాబూ, రెండూ పంపించాను. మీ అమ్మ పుట్టినరోజు గుర్తుండదు గానీ ఈ గడువు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతావు. కవరు తూకం వేస్తూ పోస్టుమాస్టర్, "ఏంటమ్మా ఈ హడావిడి, మీ ఆయన కొత్త పెళ్ళాన్ని తెచ్చుకుంటున్నాడా?" అన్నాడు. "కొమ్ములున్నది దొరికితే తెచ్చుకుంటాడు" అన్నాను.

అవునూ, నా పేరునే తగిలితే ఏంటి సంగతి?

నీ
నడీన్

కాలియెంటె
జూన్

ఆర్విన్! ఆర్విన్!

ఫలితాలొచ్చాయి. నీది లేదు. నాది తగిలింది! పొట్టేలు ట్యాగు, నడీన్ టాల్బర్ట్ అని ఇంతింత అక్షరాలతో! గుమ్మంలోనే కేక పెట్టాను. నన్ను పాము కరిచిందనుకుని పక్కింటి లోయిస్ పార పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సంగతి చెబితే ఆ పార అక్కడే పడేసి నాతో పాటు గంతులేసింది.

నీ నడీన్

క్యాంపు
జూన్

నా బంగారూ,

నీ ఉత్తరం భోజనాల దగ్గర బల్లెక్కి చదివాను. వీళ్ళంతా కుళ్ళి చస్తున్నారు! నవంబరు సెలవుకి మేస్త్రీ ఒప్పేసుకున్నాడు. ఇక విను. ట్యాగు నీ కోటు జేబులో ఉంటుంది. నువ్వు గుడారం దగ్గర కాఫీ కాస్తూ వెచ్చగా కూర్చో. నేను పైకెక్కి కాల్చేస్తాను. అందరూ చేసే పనే, ఎవడు చూడొచ్చాడు? ఎన్నేళ్ళ కలే ఇది!

నీ ఆర్విన్

కాలియెంటె
ఆగస్టు

ఆర్విన్,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. ట్యాగు మీద ఎవరి పేరుంటే వాళ్ళే కాల్చాలి. దొరికిపోతే రైఫిలూ లైసెన్సూ రెండూ పోతాయి, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కానీ అసలు మాట అది కాదు. ఆ పొట్టేలు నాకు కావాలి. నాకే కావాలి.

ట్యాగు వచ్చినవాళ్ళకి వేట శాఖ పెట్టే క్లాసుకి వెళ్ళొచ్చాను. కొమ్ము మీది వలయాలు చూసి వయసు చెప్పడం నేర్పారు. గది నిండా మగాళ్ళే. "మీ ఆయన రాలేదా?" అన్నాడొకడు. "ఆయనకి ట్యాగు రాలేదు" అన్నాను. మా నాన్నతో తిరిగి దుప్పుల్ని కొట్టినదాన్ని నేను. పెళ్ళయ్యాక పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా, ఉండిపోయాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇసుక వాగులో గురి చూస్తున్నాను.

మూటలు మోయడానికి వస్తానంటే రా. లేదంటే లోయిస్ సిద్ధంగా ఉంది.

నడీన్

క్యాంపు
సెప్టెంబరు

ప్రియమైన నడీన్,

కోపమొచ్చింది. కోపమేంటి, కుళ్ళు. దాచడం దేనికి? సంగతి చెప్పగానే బర్ల్ గాడు, "నేనే నయం, మా అత్త నాతో పోటీకి రాదు" అని నవ్వాడు. వాడి మీద విసిరిన బూటు కిటికీకి తగిలింది.

వస్తున్నాను. మూటలు మోస్తాను, కాఫీ కాస్తాను. నువ్వు అడిగితేనే నోరు విప్పుతాను. ఆ ఒక్కటే కష్టం.

నీ కూలీ,
ఆర్విన్

కాలియెంటె
డిసెంబరు

ప్రియమైన ఆర్విన్,

క్షేమంగా చేరావని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. పొట్టేలు మాంసం మీ అమ్మకీ లోయిస్‌కీ పంచాను, నీ వాటా ఫ్రీజర్లో ఉంది. ఊళ్ళో కనబడినవాడల్లా, "మీ ఆయన భలే పొట్టేలును కొట్టాడటగా!" అంటున్నాడు. "కొట్టింది నేను, మోసింది ఆయన" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది.

కొండ దిగిన దగ్గర్నుంచీ ట్రక్కులో దారి పొడుగునా నువ్వు ఒకటే అడిగావు. అంత పొట్టేలు అడ్డంగా నిలబడి ఉంటే, పొద్దు వాలిపోతుంటే, అంతసేపు ఎందుకు కాల్చలేదని. గాలి వీచిందన్నాను. ఊపిరి కుదరలేదన్నాను. అబద్ధం. గాలీ లేదు, ఊపిరీ బాగానే కుదిరింది. ఎదురుగా చెప్పడానికి సిగ్గేసింది గానీ, నేను గురిపెట్టి ఉన్నప్పుడు నువ్వు వెనక రాళ్ళ మీద బోర్లా పడుకుని, నీ కోటు తీసి నా కాళ్ళ మీద కప్పి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే, "నీ ఇష్టం నడీన్, నువ్వెప్పుడంటే అప్పుడే" అన్నావు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నీ నోట వినడం అదే మొదలు. కాల్చేస్తే ఆ ఘడియ అయిపోతుందని ఆగాను.

నీ
నడీన్