చెరిపేసిన పాదాలు

1983 మార్చి 14

శ్రీవారికి,

నిన్న ఫోన్ మాట మధ్యలో పెట్టేసినందుకు క్షమించమని అడగడం లేదు. ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, లేదంటే అరుస్తాను. ఉత్తరంలో ఆ రెండూ కుదరవు కాబట్టి చివరిదాకా చదువుతారని రాస్తున్నాను.

"ఒక్క సంతకం రాధా! సైన్ చేసేసి ఇక్కడికి మూవ్ అయిపో. పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్ కూడా చూసి పెట్టాను" అన్నారు. ఆ సంతకం దేనికో మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

నాలుగు వందల ఏళ్ల కిందట స్పెయిన్ రాజు, మెక్సికోలో తన చేతికొచ్చిన ఊళ్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలని ఒక ప్రశ్నల జాబితా పంపాడు. మీ ఊరి పటం గీసి పంపండి అన్నది అందులో ఒకటి. చాలాచోట్ల ఆ ఊరివాళ్లే, తమ తాతల నాటి పద్ధతిలో, రంగులతో గీసిచ్చారు. అలాంటి పటాలు కొన్ని నేను పనిచేసే ఈ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. వాటి మీద ప్రొఫెసర్ హాలోవే పుస్తకం రాస్తున్నాడు. అందులో వేయడానికి ఒక పటానికి నేను నకలు గీశాను. నాలుగు నెలలు పట్టింది.

అసలు పటంలో మధ్యన చర్చి, చుట్టూ ఇళ్లు. ఒక వరుస నిటారుగా, ఒక వరుస పక్కకి పడుకుని, ఇంకో వరుస తలకిందులుగా. దారుల నిండా గోరింటాకు రంగులో పాదాల గుర్తులు. మా నాన్న గుంటూరు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ కదా. ఉత్తరం పైకి ఉండాలి, బొమ్మలన్నీ ఒకే వైపు నిలబడాలి, దారంటే రెండు గీతలు అని పన్నెండో ఏటనే నా చేత గీయించారు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? పడుకున్న ఇళ్లన్నిటినీ లేపి నిలబెట్టాను. పాదాలు తీసేసి శుభ్రంగా రెండేసి గీతలు లాగాను. మూలన ఉత్తరం బాణం కూడా తగిలించాను. ప్రొఫెసర్ మురిసిపోయి పుస్తకంలో నా పేరు వేస్తానన్నాడు. మీరూ మురిసిపోయారు.

పోయిన వారం ఫొటో తీయడానికి అసలు పటాన్ని బల్ల మీద పరిచారు. అంచులు లేస్తున్నాయని, చుట్టూ తిరిగి బరువులు పెట్టమన్నారు. తిరిగానండీ. నేను ఏ పక్కకి వెళ్తే, నాకెదురుగా ఉన్న వరుస ఇళ్లు చక్కగా లేచి నిలబడ్డాయి! ఆ గీసినాయన చర్చి ముందు నిలబడి, నాలుగు వైపులా తిరిగి చూసి గీశాడు. ఆయన ఊళ్లో దారంటే నడిచే మనుషులు. నేను దిద్దుతున్నాననుకుని ఆ మనుషులందరినీ చెరిపేశాను.

తప్పు జరిగిందని చెబితే ప్రొఫెసర్ నవ్వాడు. "వాళ్లకి పటం గీయడం రాదు, నువ్వు సరిచేశావు" అన్నాడు. నా నకలు అచ్చువేసుకోవచ్చన్న అనుమతి కాగితం మీద సంతకం పెట్టకపోతే మే నెలాఖరు తర్వాత ఉద్యోగం ఉండదన్నాడు. పెట్టనని చెప్పి వచ్చాను.

ఇంకో మాట. పోయిన థాంక్స్‌గివింగ్‌కి మీ దగ్గరికి వచ్చినప్పుడు, మీ స్నేహితుడు నరసింహ గారింట్లో మీరు "మా ఆవిడ లైబ్రరీలో బొమ్మలు గీసుకుంటుంది, టైంపాస్" అని నవ్వడం వంటింట్లోంచి విన్నాను. పుస్తకంలో పేరు అనేసరికి అదే మీకు కెరీర్ అయిపోయింది. ఆ రోజు మింగేసి ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం ఊరుకోను. సంతకం పెట్టను.

మీరన్నట్టు మొండిదాన్నే,
రాధారాణి


1983 జూన్ 3

శ్రీవారికి,

"ఎప్పుడో పోయినవాడి కోసం మన సంసారం పాడుచేసుకుంటావా?" అని రాశారు. రెండు రోజులు అన్నం సహించలేదు. కోపం కాస్త దిగాక ఒకటి తట్టింది. నేను సంతకం పెట్టకపోతే ప్రొఫెసర్ నకలు తీసేస్తాడు, "వీళ్లకి గీయడం రాదు" అన్న వాక్యం మాత్రం ఉంచేస్తాడు. నా మీద మచ్చ పడదు. ఆ గీసినాయన తరఫున మాత్రం పుస్తకంలో ఒక్క ముక్క ఉండదు.

అందుకని సంతకం పెట్టాను.

తొందరపడి సంతోషించకండి. షరతు రాసి మరీ పెట్టాను. నకలు కింద ఈ మాటలు అచ్చువేయాలి: "ఈ ఊరిని దాని మధ్యలో నిలబడి చూడాలి. దీని దారులు పాదాలతో గీసినవి. ఆ రెండూ చెడగొట్టింది నేను. ఇందులో తప్పులు చిత్రకారుడివి కావు, నావి. రాధారాణి." ఎదుటి పేజీలో అసలు పటం ఫొటో ఉండాలి.

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తన తప్పు తానే అచ్చేయించుకునే మనిషిని నేను చూడలేదు. నీ పరువే పోతుంది" అన్నాడు.

"పోతే నాది పోనివ్వండి. చేయని తప్పుకి ఆయనది ఎందుకు పోవాలి?" అన్నాను.

రెండు అధ్యాయాలు నా నకలు చూసుకునే రాశాడు, ప్రెస్ గడువేమో నెత్తి మీదుంది. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. మొన్న ప్రూఫు చూశాను. అక్షరం పోకుండా ఉంది. ఉద్యోగం మాత్రం పొడిగించలేదు. మంగళవారం నా ఉద్యోగి కార్డు తీసేసుకున్నారు.

ఉద్యోగం పోయింది కాబట్టి ఇక వచ్చేస్తాననుకుంటున్నారేమో. ఇప్పుడే రాను. కోపం ఉంది, కానీ రానిది అందుకు కాదు. ఆ పటాన్ని మళ్లీ గీయాలి, ఒక్క పాదం వదలకుండా. రీడింగ్ రూమ్‌లో ఎవరైనా కూర్చుని పటం అడిగి చూడొచ్చు. ఆ రూల్ నేనే ఎంతమందికో చదివి వినిపించాను.

సోమవారం తొమ్మిదింటికి తలుపులు తీస్తారు. లోపలికి వెళ్లేవాళ్లు ముందు ఒక చీటీ నింపాలి. అందులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఏడేళ్లుగా ఈ దేశంలో ఆ గడి కనిపించినప్పుడల్లా నా బదులు మీరే "హౌస్‌వైఫ్" అని నింపారు. సోమవారం నేనే నింపుతాను: పటాలు గీస్తాను.

రాధారాణి