దారి అడిగి చూశాను

చిరంజీవి బుజ్జులుకి అమ్మమ్మ దీవించి రాయునది.

తాతయ్య మోకాలు మినహా ఇక్కడ అందరం కులాసా. ఆ మోకాలిది కూడా నొప్పి కాదు, పొద్దున నడక తప్పించుకునే ఉపాయం. వేళకు తింటున్నానని రాశావు. ఏ వేళకో రాయలేదు.

ఇక నీ సంగతికి వస్తాను. మన నగరం పేరు నలుగురికీ తెలిసేలా ప్రచారం చేసే పని మీ ఆఫీసుకు దక్కడం, అందుకు నువ్వు రాసిన 'దారి చెప్పే నగరం' అన్న వాక్యం చివరిదాకా నిలవడం నాకు గర్వంగానే ఉంది. కానీ మీ మేనేజరు "వినడానికి బాగుంది, నిజమేనా?" అన్నాడనీ, రుజువు లేకపోతే తీసేస్తాడనీ దిగులుపడ్డావు. "నువ్వయితే మొహమాటపడవు, నిజం చెప్పు" అని అడిగావు. ఊరికే చెప్పడమెందుకని పరీక్షించాను.

చేతిసంచీతో బస్టాండుకు వెళ్లి, ఎదురుగా ఉన్న మందుల షాపతన్ని మన వీధికే దారి అడిగాను. ఎడమ వైపన్నాడు. తప్పు. "ఉండండి మామ్మగారూ, నేనే వస్తాను" అని షట్టరు సగం దించి బయల్దేరాడు. దారిలో ఒక టీచరమ్మ "అటు కాదండీ, చేపల మార్కెట్టు వెనక" అంది. అదీ తప్పే. ఆవిడా మాతో నడిచింది. నిచ్చెన మోసుకెళ్తున్న పెయింటరు ఇద్దరినీ కాదని మూడో వైపు తిప్పాడు. మన వీధి మలుపు కళ్లముందే దాటిపోతుంటే పంటి బిగువున ఊరుకున్నాను.

చేపల మార్కెట్టు రెండోసారి వచ్చాక ఇక ఆగలేక గద్దించాను.

"అసలు మీలో ఎవరికైనా తెలుసా?"

"తెలీదు మామ్మగారూ," అన్నాడు పెయింటరు. "అలాగని మిమ్మల్ని నడిరోడ్డు మీద వదిలేసి పోతామా?"

తిరిగి తిరిగి ఎలాగో మన వీధిలోనే వచ్చిపడ్డాం. మన ఎదురింటి టైలరు మిషను ఆపి కేకేశాడు. "ఏంటండీ, మీ ఇంటికి మిమ్మల్నే ఊరేగింపుగా తెస్తున్నారు?"

ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. 'ఈ ఊరికి కొత్తండీ' అని ముగ్గురితోనూ నోటినిండా అబద్ధమాడాను. చిన్నప్పుడు అబద్ధానికి నిన్ను గోడవైపు నిలబెట్టినదాన్ని నేనే. పైగా, ఎవరితోనూ అనకు, భలే సరదాగా ఉంది.

నా గుట్టు బయటపడ్డాక వాళ్లు కోప్పడతారనుకున్నాను. మందుల షాపతను నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకున్నాడు. టీచరమ్మ అయితే, "మీరు చెప్పలేదు సరే, నాకేమైంది? నేనుండేది పక్క వీధే!" అంది. అందరికీ టీ ఇచ్చాను. వాళ్లను సాగనంపడానికి తాతయ్య ఏ నొప్పీ లేకుండా మెట్లు దిగారు.

కాబట్టి నీ వాక్యం తప్పు, కొట్టెయ్. ఈ ఊళ్లో దారి ఎవరికీ తెలియదు. 'తోడొచ్చే నగరం' అని రాయి. అది నిజం, పూచీ నాది. నమ్మకపోతే మీ మేనేజర్ని బస్టాండులో దిగి మన ఇల్లు అడగమను. చేరేసరికి పొద్దుపోవచ్చు గానీ, ఒక్కడే మాత్రం రాడు.

ఇట్లు,
నీ వాక్యం దిద్ది పంపుతున్న
అమ్మమ్మ