రెండు సెకన్ల ట్యాంకర్

గుడివాడ,
మే 11, 2025.

శశిధర్ గారికి,

ఝాన్సీ టీచర్ నమస్కారాలు. దేవుని దయవల్ల మేమంతా కులాసా. మీరు కులాసాగానే ఉన్నారని పేపర్లో శాలువాతో ఫొటో చూసి తెలుసుకున్నాను. నేనెవరో గుర్తు లేకపోతే చెబుతాను. మూడేళ్ల కిందట వేసవిలో, దివిసీమలో మా బడి ఉన్న ఊరికి మీరు మంచినీళ్ల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చినప్పుడు మిమ్మల్ని ఇంటింటికీ తిప్పింది నేనే.

డాక్యుమెంటరీలు ప్రపంచాన్ని మారుస్తాయా అని విలేకరి అడిగితే, తప్పకుండా మారుస్తాయన్నారట. నిజమేనండీ, మీ డాక్యుమెంటరీ మా ఊరిని మార్చేసింది. అంతకుముందు నాలుగు రోజులకోసారైనా ట్యాంకర్ వచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

అప్పుడు కాలవకు నీళ్లు కట్టేసిన రోజులు. పంపు నీళ్లు నోట్లో పోసుకోలేనంత ఉప్పు. మీరొచ్చిన రోజే ట్యాంకర్ వంతు. మామూలుగానే ఆడవాళ్లు మనిషికి బదులు బిందెను వరసలో పెట్టి పనుల్లోకి వెళ్లారు. ఆ వరస కెమెరాలో పడితే ట్యాంకర్ వస్తుందని తెలిసిపోతుందని మీరు బిందెలన్నీ తీయించారు. డ్రైవర్ పోతయ్యను చెరువు గట్టు అవతల ఆగమన్నారు. ఎలీసబెతు పిన్నిని అడుగంటిన చెరువులోకి దింపి, ఆ పచ్చనీళ్లను చీర కొంగుతో వడగట్టమన్నారు. వెలుతురు చాల్లేదని ఐదుసార్లు దింపారు. తీరా ట్యాంకర్ వచ్చాక ఎవరి బిందె ముందో తేలక ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. అది మాత్రం మీరు తీయలేదు.

నాలుగు రోజులకోసారి వస్తుందని ఉన్నదున్నట్టు చెబితే చాలదా అని అడిగాను. కరువును సగం చూపిస్తే జనానికి ఎక్కదన్నారు. నాకూ నిజమేననిపించింది, అదీ ఒప్పుకోవాలి.

మరుసటి ఏడు బందరులో ఆ సినిమా వేశారు. ఊరు ఊరంతా వ్యాన్లు కట్టుకుని వచ్చింది. ముందు వరసలో పెద్ద ఆఫీసరు. పిన్ని చెరువులో వంగగానే, ఆమె వెనక గట్టు అవతల రెండు సెకన్ల పాటు ట్యాంకర్, దాని మీద కూర్చుని బీడీ కాలుస్తూ పోతయ్య! అన్నిసార్లు చూసిన మీ కంటికి ఆనలేదు. సినిమాలో మనవాడు కనపడితే మావాళ్లు ఊరుకుంటారా? అడుగో పోతయ్య అంటూ హాలంతా కేకలు. బుల్లెమ్మయితే ఈల కూడా వేసింది. పోతయ్య ఎవరని ఆఫీసరు వెనక్కి తిరిగి అడిగితే, మా ట్యాంకర్ డ్రైవరండీ అని అందరూ గర్వంగా చెప్పారు.

వారం తిరక్కుండా విచారణకొచ్చారు. నీళ్లు అందుతున్నా అందట్లేదని ఊరు అబద్ధమాడిందని రిపోర్టు రాసి, ట్యాంకర్‌ను వేరే ఊరికి మళ్లించారు. మీకు ఫోన్ చేస్తే ఎడిటింగ్‌లో ఉన్నారని ఒకసారి, విమానంలో ఉన్నారని ఇంకోసారి చెప్పారు. అబద్ధం మీది, శిక్ష మా ఊరిది.

నిన్న ఎలీసబెతు పిన్ని ఫోన్ చేసింది. ఆ చెరువు నీళ్లే తాగి మనవరాలికి కామెర్లొచ్చాయట. మిమ్మల్ని మళ్లీ పిలిపించమంటోంది. ఈసారి ట్యాంకర్‌ని ఆపే శ్రమ కూడా ఉండదు, అసలు రాదు కదా అంది. వెటకారం కాదండీ, మీకు పని సులువవుతుందనే అంది. మీరు తనను పిన్నీ అని పిలిచారని ఇప్పటికీ మురిసిపోతుంది. ఆమెకు మీ మీద కోపం లేదు. నాకుంది. కబురు అందించడం నా ధర్మం కాబట్టి అందించాను. మీరు మాత్రం రావద్దు. మీ సినిమా వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇట్లు,
ఝాన్సీ

తా.క. కవరు అంటించబోయి ఆగాను. విచారణ రోజున, ట్యాంకర్ రోజూ వస్తోందని రాసి, కింద సాక్షిగా చదువుకున్నవాళ్ల సంతకం కావాలన్నారు. ఆ సంతకం నాది. గుడివాడ బడికి డెప్యుటేషన్ కోసం నేను పెట్టుకున్న అర్జీ అప్పటికి ఏడాదిగా మూలుగుతోంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. నాకు నేనే అర్థం చేసుకుని పెట్టాను. నెలలోపే ఆర్డరొచ్చింది. పిన్నికి ఇదేమీ తెలియదు. మీరు మళ్లీ వస్తే, ట్యాంకర్ ఎన్నాళ్లకోసారి వచ్చేదో కెమెరా ముందు నా చేతే చెప్పించాలని ఆమె పట్టుదల. టీచరమ్మ మాటయితే ఎవరైనా నమ్ముతారట. అందుకండీ, రావద్దంటున్నది.