ఓనరుగారున్నారా

పెద్దమ్మాయికి దీవెనలు. నేను కులాసా, బెంగపడకు.

నీ తమ్ముడి ఫ్లాటు ఎంతకీ అమ్ముడుపోలేదు కదా, అద్దెకిచ్చేశాను. నేనక్కడ ఊడుస్తుంటే ఇల్లు చూడ్డానికొచ్చిన ఒక ఆస్పత్రి నర్సమ్మ తలుపు తట్టి, "ఓనరుగారున్నారా?" అంది. "డ్యూటీకెళ్లాడమ్మా, సాయంత్రం వస్తాడు" అనేశాను. వాడు పోయి ఏడాది దాటినా నా నోటికింకా తెలియలేదు. "అయితే సాయంత్రమే వస్తానండీ" అని ఆ పిల్ల మెట్లు దిగిపోతోంది. గబగబా వెనకాలే వెళ్లి, "ఆగమ్మా, ఓనర్ని నేనే" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. కుళాయి బాగుచేయించాను. గోడలకి మేకులు కొట్టొద్దని గట్టిగానే చెప్పాను.

అల్లుడుగారి దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు నా పేరు బోర్డు రాయించి తీసుకురా. గుమ్మం మీద వాడి బోర్డు తీయను, దాని కిందే నాది పెట్టిస్తాను. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
మీ ఓనరమ్మ