గోడలు లేని బండి

జూన్ 3
కొత్త కంపెనీలో మొదటి రోజు. నంద్యాల ఆఫీసులో సంతకాలు, ఫొటో, యూనిఫారం చొక్కా. చొక్కా భుజాల దగ్గర బిగుతు. మూడు నెలలు చూసి అప్పుడు ఖాయం చేస్తారట. తల నెరిసినవాడికి ఇప్పుడు పెళ్లిచూపులు!

పాత కంటైనరే నయం. తలుపులు మూసి సీలు వేస్తే లోపల ఏముందో మనకు అనవసరం. ఇన్నేళ్లూ చెప్పులు మోశానో, మందులు మోశానో... తెలియదు, అడగలేదు. ఇది ఫ్లాట్‌బెడ్. గోడలు లేవు, కప్పు లేదు, చక్రాల మీద ఒట్టి బల్ల. మోసేది ఊరందరికీ కనపడుతుంది. పడినా ఊరందరికీ కనపడుతుంది.

జూన్ 5
గొలుసులు బిగించడం నేర్పారు. మేనేజరు రమణ సారుది ఒకటే పాట — "గొలుసు కింద వేలు దూరిందా, బండి కదలగూడదు." గొలుసు బిగించే లివర్ మీద ఒళ్లంతా వేస్తే గాని పడదు. అరచేతులు బొబ్బలు. మా ఆవిడ సుజాత చూసి నవ్వింది. "ఇన్నేండ్లు స్టీరింగు పట్టుకోని కూచున్న్యావు. ఇప్పుడు తెలుస్తాంది." కొబ్బరినూనె మాత్రం తనే రాసింది.

జూన్ 9
నాపరాళ్లు వేసుకుని జూపాడు బంగ్లా ఊరికి పోయా. అద్దంలో రోడ్డు కంటే సరుకునే ఎక్కువ చూస్తున్నా. ఏమీ కాలేదు. అయినా భయం.

జూన్ 10
నడుము.

జూన్ 14
రేపు ఆళ్లగడ్డ. శిల్పుల దగ్గర విగ్రహం లోడు. దేవుడే అయి ఉంటాడనుకున్నా. కాదట. మనిషి.

జూన్ 15
రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

కాలేజీకి పోయే వయసు పిల్లవాడు. నల్లరాయి. చొక్కా మడతలు కూడా చెక్కారు. కుడిచేయి కొంచెం ముందుకు చాచి, ఎవరినో రమ్మంటున్నట్టు. పోయిన ఏడు జ్వరంతో పోయాడట. శిరివెళ్ల పక్క పల్లె. పొలంలోనే నిలబెట్టుకుంటారట, చుట్టూ చిన్న మండపం. దాని స్తంభాలు కూడా నా బండిలోనే. తండ్రి ఓబులేసన్న వెంట వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన తువ్వాలు.

వెల్లకిలా పడుకోబెట్టాం. కింద వరిగడ్డి, పైన గోనె సంచులు. కాళ్ల మీదుగా ఒక గొలుసు, ఛాతీ మీదుగా ఒకటి. బిగించా. ఫొటో తీసి ఆఫీసుకు పంపా. ఓబులేసన్న గొలుసునే చూస్తున్నాడు.

"అప్పా, ఆ రొమ్ము మీదది తీసెయ్."

"తీయగూడదన్నా. కదుల్తాది."

సరే అన్నాడు. అటు పోయాడు, మళ్లీ వచ్చాడు.

"ఆస్పత్రిలో గూడా కట్టేసినారప్పా. చేతులు మంచానికి. జరం తలకెక్కి సూదులు పీకేస్తాండాడని. విడిపియ్ నాయనా, విడిపియ్ నాయనా... అంటానే ఉన్న్యాడు. డాక్టరు వద్దన్న్యాడని నేను విడిపియ్యలే."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. వేలు, గొలుసు, రమణ సారు మాట... అన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

వదులు చేశా. తీయలేదు, వదులు చేశా. అదేదో పెద్ద తెలివి అనుకున్నా. ఆయన బల్ల ఎక్కి కొడుకు పక్కన కూర్చుంటే, దిగమని కూడా చెప్పలేకపోయా.

నెమ్మదిగానే పోయా. ఎడ్లబండి కూడా దాటిపోయేది. శిరివెళ్ల ఇంకా రాలేదు... పక్క దారిలోంచి ట్రాక్టరు అడ్డం వచ్చింది. బ్రేకు. వెనక రాయి కదిలిన చప్పుడు. అద్దంలో ఓబులేసన్న విగ్రహం మీద పడి రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. మనిషికి ఆగే బరువా అది!

పోయి చూస్తే విగ్రహం కుడిచేయి పక్కనున్న స్తంభానికి తగిలి రెండు వేళ్లు విరిగాయి. ఆయన మోచేయి చీరుకుపోయింది, రక్తం. అది చూసుకోడే... గడ్డిలో వెతికి ఆ వేళ్లు తీసి తువ్వాలు కొంగులో ముడివేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చొక్కా పట్టుకుని రెండు పీకి ఉంటే నాకీ బరువు ఉండేది కాదు.

బండి వెనక్కి తిప్పా. మళ్లీ ఆళ్లగడ్డ, శిల్పుల దగ్గరికే.

జూన్ 16
"ఎవరు వదులు చేయమన్న్యారు?" — రమణ సారు.

నేనే సార్ అన్నా. ఎందుకన్నాడు. ఆస్పత్రి మంచం సంగతి ఆఫీసులో ఎట్లా చెప్తారు? ఇంకొక్కసారి ఇట్లా అయితే చొక్కా ఇచ్చేసి ఇంటికి పో అన్నాడు. ఆయనదీ తప్పు కాదు. ఎవరిదీ తప్పు కాదు. వేళ్లు మాత్రం విరిగాయి.

జూన్ 17
అన్నం సగంలో వదిలేసి లేచా. సుజాత అంది — "బిగించింటే ఆయప్ప కుమిలిపోతుండె. వదిల్తే ఇట్లాయె. నువ్వేం చేస్తావు?" ఓదార్పో, ఎత్తిపొడుపో... అడగలేదు.

జూన్ 21
ఓబులేసన్న ఫోను. "వేళ్లు అతికిస్తాండారప్పా. అతుకు కనపడదంట." గొంతు తగ్గించాడు. "వాళ్లమ్మకు ఇరిగినట్టు చెప్పలే. పని ఇంగా కాలేదని చెప్పినా. నువ్వూ చెప్పాకు."

సరే అన్నా.

"మళ్లా నువ్వే రావాల. ఆఫీసులో చెప్పినా."

ఇన్ని బండ్లుండగా నేనే ఎందుకు? రాలేనంటే ఇంకా ఘోరం.

జూన్ 24
వాన. లోడు లేదు. కలలో గడ్డిలో వెతుకుతున్నా.

జూన్ 28
క్యాబిన్‌లో కూర్చుని రాస్తున్నా. విగ్రహం దించే క్రేన్ కోసం చూస్తున్నాం. కాలవగట్టు దగ్గర దిగబడిందట. వస్తుంది, వస్తుంది అంటున్నారు.

పొద్దున ఆళ్లగడ్డలో అతుకు చూశా. నిజమే, కంటికి కనపడదు. వేలితో రాస్తే మాత్రం తెలుస్తుంది.

ఛాతీ మీద గొలుసు వేసి లివర్ అందుకోబోతే ఓబులేసన్న నా చేయి పక్కకు తోశాడు. తనే పట్టుకున్నాడు. మోచేతి మీద పుండు ఇంకా మానలేదు. ఒళ్లంతా వేసి వంగాడు. పడింది.

"ఇంగా బిగించప్పా."

"సరిపోయిందన్నా."

"ఇంగా."

ఇద్దరం కలిసి మళ్లీ బిగించాం. గొలుసు కింద వేలు పెట్టి చూశాడు. దూరలేదు. అయినా చాలాసేపు అట్లా తోస్తూనే ఉన్నాడు. నేను టైర్లు చూసే నెపంతో అవతలి పక్కకు పోయా.

దారిలో నా పక్కనే కూర్చున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు పొలం గట్టున ఉన్నాం. బండి కొంచెం పక్కకు వాలి ఉంది, మెత్తటి నేల. విగ్రహానికి క్రేన్ పట్టీ పడేదాకా గొలుసు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే జారుతుంది. ఈసారి వేళ్లతో పోదు.

ఆయన భార్య వచ్చింది. చేతిలో పసుపు, పూలు, చెంబుతో నీళ్లు. బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి చూస్తోంది. గోనె సంచి అందినంత మేర తొలగించింది. మొహం కనపడింది. మొహం తడిమింది. తరువాత గొలుసు.

"ఏమప్పా డ్రైవరూ... బిడ్డ రొమ్ము మీద ఇంత బరువు ఏందీ? ఇప్పు నాయనా."

క్రేన్ రావాలమ్మా అన్నా. కిటికీలోంచే. దిగలేదు.

"కొంచెం వదులు చెయ్. వాడు వచ్చినాడు గదా ఇంటికి. ఇంగా ఎందుకు కట్టేది?"

ఓబులేసన్న వైపు చూశా. ఆయన గట్టు మీద కూర్చుని, మాకు వీపు పెట్టి, నేల గీస్తున్నాడు. వినపడలేదంటే నమ్మను.

ఆమె చేయి గోనె కింద కుడివైపు బిడ్డ వేళ్ల కోసం వెతుకుతోంది.

మళ్లీ పిలుస్తోంది. క్రేన్ చప్పుడు లేదు. దిగాలి...