నువ్వు చెవి ఆనించిన గోడ

గుణదల,
మంగళవారం

ప్రభువు నాకు జతగా ఇచ్చిన అమలకు,

నీ మరియదాసు వ్రాయునది. నువ్వూ, మన అమ్మాయి చిన్నీ, మన చిన్న మనవడు యాకోబూ క్షేమమని తలుస్తాను. ఫోనులో చెబుదామంటే చిన్ని స్పీకరు పెట్టేస్తుంది. వియ్యంకుల చెవిన పడే మాట కాదిది. అందుకే కాగితం మీద పెట్టి, మంగళగిరి వస్తున్న మన వడ్రంగి జాన్ పాల్ చేతికిస్తున్నాను.

అమలా, మన ముందుగదిలో ఒక దొంగగోడ కట్టిస్తున్నాను. మనకీ పక్కింటి సైదాబీ వాళ్ళకీ ఉమ్మడిగోడ ఉంది కదా, దానికి జానెడు ముందు ప్లైవుడ్‌తో ఇంకో గోడ. లోపల పెద్ద టీవీ, సౌండ్ బాక్సులు, వైర్లు. తలుపులు మూస్తే 'నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము' అన్న యెహోషువ వాక్యం పెద్దక్షరాల్లో కనపడుతుంది. మనింట్లో ప్రార్థన కూటానికి వచ్చేవాళ్ళకు వాక్యం, నీకు బొమ్మ. తాళంచెవి నీ ఒక్కదాని దగ్గరే.

ఎందుకో నీకు తెలుసు. పన్నెండేళ్ళ కిందట మీ తమ్ముడు పామర్రు నుంచి నీకని పంపిన టీవీని కూటం మధ్యలో పెట్టి రోకలితో పగలగొట్టాను. జనం ధూపం వేసే ఇత్తడి సర్పాన్ని హిజ్కియా రాజు ముక్కలు చేయలేదా అని గర్జించాను. అందరూ హల్లెలూయా అన్నారు. నువ్వు చీపురు తెచ్చి గాజుపెంకులు ఊడ్చావు. నువ్వు లేని ఈ రెండు నెలలూ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఆ చీపురు చప్పుడే.

నిన్న జాన్ పాల్ మొదటి చెక్క బిగిస్తుంటే సైదాబీ పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యగారూ! ఆ గోడ మూసేస్తే వదినకి మా టీవీలో సీరియల్ ఎట్టా వినపడుద్దండీ?" అనేసి నాలుక కరుచుకుంది.

రోజూ సాయంత్రం ఏడింటికి నువ్వు ఆ గోడకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంటే నేనేమన్నాను? "నా భార్యను చూడండి! హిజ్కియాలాగా గోడవైపు తిరిగి ప్రార్థిస్తుంది" అని మైకు పట్టుకుని ఊరూరా సాక్ష్యం చెప్పాను. కోపం రాలేదు అమలా, సిగ్గేసింది. ఆ రాజు సర్పాన్ని పగలగొట్టిన రెండు అధ్యాయాలకే చావుజబ్బు చేసి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను పగలగొట్టడం నా వంతు చేసుకుని, గోడను నీకు వదిలేశాను.

తలుపుల రంగు ఆరగానే రా. తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ జవాబు రాయి.

నీవాడు,
మరియదాసు

*

మంగళగిరి,
గురువారం

మా ప్రసంగీకుడుగారికి, మీ అమల ప్రేమతో రాసేది.

మీ ఉత్తరం వంటగదిలో తలుపేసుకుని చదివాను. కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే చిన్ని, "ఏంటమ్మా, ఉల్లిపాయలా?" అంది.

తప్పు నాదీ ఉందండీ. మొదటిసారి మీరు కూటంలో నన్ను మెచ్చుకున్నప్పుడే చెప్పాల్సింది. అంతమంది ఆమేన్ అన్నాక కాదనడానికి భయమేసింది. ఆ తర్వాత శౌరమ్మగారిలాంటివాళ్ళు, "మీ గోడ దగ్గర మా పిల్ల కోసం కూడా అడగండమ్మా" అనేవాళ్ళు. అడగకుండా ఎలా ఉంటాను? సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా అడిగాను. ఒట్టు. మీ గొంతు పోయి నెలరోజులు మాట రానప్పుడు మీ కోసమూ ప్రకటనల్లోనే అడిగాను.

టీవీ పగిలిన బాధ ఎప్పుడో పోయింది. మీరు పదిమందిలో పొగుడుతుంటే, పౌలు తిట్టాడే సున్నం కొట్టిన గోడ అని, పైకి తెలుపూ లోపల మట్టీ, అది నేనే అనిపించేది. అది మాత్రం పోలేదు. ఇప్పుడు వాక్యం రాసిన తలుపు వెనక మీరూ దాక్కుంటారా? ఇంట్లో ఒక దొంగ చాలు. నా సంగతి కూటంలో మీరే చెప్పేయండి. నాకు ధైర్యం లేదు.

ఇంకో మాట. టీవీ అంత గట్టిగా పెడుతుందని మీరనుకున్నట్టు సైదాబీకి చెవుడేం లేదు. నా కోసమే సౌండు పెంచేది. సీరియల్ మొదలవగానే గోడ మీద రెండుసార్లు తట్టేది. ఆ కథలో వాళ్ళ మొహాలు నేనెన్నడూ చూడలేదు, చూడకపోయినా ఫరవాలేదు. ఆ తట్టడం వినపడకపోతే మాత్రం నాకు పొద్దుగూకదు.

ఆ తలుపులుంటే నేను ఇంటికి రాను. మీ ఇష్టం.

మీ అమల

*

గుణదల,
సోమవారం

నాకు బోధ చేసిన అమలకు,

నిన్న కూటంలో పౌలు మాటే ఎత్తుకున్నాను. సున్నం కొట్టిన గోడ ఎవరో కాదు, నేనే అన్నాను. అందరి ముందూ జాన్ పాల్‌తో తలుపులు విప్పించాను. రోకలి సంగతీ, నీ ఏడింటి సంగతీ చెప్పేశాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. శౌరమ్మ లేచి నిలబడి, "అయితే మా పిల్లకి ఉజ్జోగం ఎవరి ప్రార్థనకొచ్చినట్టండీ?" అంది. "ప్రకటనల్లో చేసినదానికే" అన్నాను. కూటమంతా నవ్వింది. నేను ప్రసంగం చేస్తుండగా మనవాళ్ళు నవ్వడం అదే మొదలు.

పాతగోడ మీద నీ తలనూనె మరక ఉంది. సరిగ్గా దాని ఎదురుగా కొత్త చెక్కలో నీ తల పట్టేంత మేర కోయించాను. తలుపుల చెక్కతో నీకు కూర్చునే పీట చేయించాను.

ఇవాళ ఏడింటికి సైదాబీ గోడ మీద రెండుసార్లు తట్టింది. నువ్వు ఇంట్లో లేవని ఆవిడకు తెలుసు. అయినా తట్టింది. టీవీ పెట్టబుద్ధి కాలేదు. పీట మీద కూర్చుని ఆ మరక మీద చెవి పెట్టాను.

సీరియల్లో అత్తగారు కోడలి నగలు బియ్యం డబ్బాలో దాచిందట. కోడలికింకా తెలియదు. అంతలో ప్రకటనలొచ్చాయి. కళ్ళు మూసుకుని నీ కోసం అడిగాను.

రేపు కోడలు అన్నం వండడానికి ఆ డబ్బా తీస్తుంది. ఒక్కణ్ణీ వినలేను, వచ్చేయ్.

నీ మరియదాసు