గౌలిపురలోని ఆరు టమాటా తొట్లపై మందు కొట్టవద్దని మనవి

వార్డు పారిశుద్ధ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మిద్దెపై శిలీంధ్రం పెంచుచున్నానన్న ఫిర్యాదుపై, శనివారం జరుపదలచిన మందు పిచికారీని నిలుపుదల చేయుట గురించి.

బాలనర్సింహ అను నేను గౌలిపుర నివాసిని, విశ్రాంత బస్సు డ్రైవరును. తమ నోటీసు అందినది. నా సమాధానం ఈ క్రింది విధముగా:

1. శిలీంధ్రం పెంచుచున్న మాట నిజం. అది గోడకు పట్టే బూజు కాదు, వ్యవసాయ మేళాలో కొన్న పొడి. మొక్క వేరులో కాపురముండి, వేరు అందుకోలేని చోటికి సన్నని పోగులు చాచి, భాస్వరమును, నీటిని తెచ్చి ఇచ్చును. బదులుగా ఆకు వండిన చక్కెరలో కొంత తినును. అద్దెకున్నవారు ఇంతకంటె మర్యాదగా ఉండరు.

2. ఫిర్యాదుదారు సక్కుబాయి. సదరు సక్కుబాయి నా భార్య. పొట్లం మీది అక్షరాలు ఆమెకు గొప్పగా చదివి వినిపించుట నా తప్పే. "ఇంట్ల బూజు పెంచుతవా? యాడుంది, సూపెట్టు" అన్నది. కంటికి కనబడదన్నాను. "కనబడని బూజును ఎట్ల దులపాలె?" అని లొల్లి చేసి తమకు ఫోన్ చేసినది. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. మా గుట్టు వార్డు ఆఫీసుకు చేరినది.

3. ఆమెది పాడి ఇల్లు. పాలగిన్నెను మరిగే నీళ్లతో కడగనిదే అందులో పాలు పోయరు. ఆ అలవాటు చొప్పున, నేను పొడి కలిపి ఉంచిన ఆరు తొట్లలో మూడింటి మట్టిపై, నారు నాటకముందే, బిందెడేసి సలసల కాగే నీళ్లు పోసినది. నాలుగోదానికి నీళ్లు కాగకముందే సిలిండరు అయిపోయినది.

4. ఆరింటిలోనూ ఒకేనాడు ఒకే నారు నాటితిని. సిలిండరు దయవల్ల బతికిన మూడింటిలో టమాటాలు గుత్తులు గుత్తులుగా వేలాడుచున్నవి. కాగిన మూడింటిలో మొక్కలు జానెడు దాటలేదు, భాస్వరం అందక ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగినది. తమరే వచ్చి చూడవచ్చును.

5. అయ్యా, ముప్పై ఆరేళ్లు బస్సు నడిపినాను. ఎక్కినవారందరూ దిగిపోయినారు. నా చేతిలో ఏదీ పెరగలేదు, ఇదే మొదటిది. మందు కొడితే తమ సిబ్బంది ముందే ఏడుస్తాను. నిజంగానే ఏడుస్తాను.

కావున తమరు పై సంగతులు చిత్తగించవలెను, మందు డబ్బాను ఆఫీసులోనే ఉంచవలెను.

తమ విధేయుడు,
బాలనర్సింహ

మరొక మాట (సక్కుబాయి చెప్పగా రాసినది): సారూ, ఫోన్ జేసింది నేనే. నిన్న మిద్దెక్కి ఆరు తొట్లు సూసిన. మసిలే పాలల్ల తోడేస్తే పెరుగు పేరుకుంటదా? నేను తోడునే ఉడకబెట్టిన. తప్పు నాదే. ఈ మాట ఈయనకు ఇంక చెప్పలే, రాస్తుండు గద, ఇప్పుడే తెలుస్తది. మంచి తొట్టిల మట్టి, వేర్లతోని సహా, పిడికెడు పిడికెడు తీసి ఆ మూడింటికి ఏసిన. శనివారం రాండ్రి. మందు వద్దు, గిన్నె తెచ్చుకోండ్రి, మీ ఇంటి తొట్లకు గిట్లనే తోడు ఇస్త. కానీ పొద్దుగూకకముందే రావాలె. దీపం పెట్టినంక మా ఇంట్ల తోడు ఇయ్యరు.